దండ కోసం వంచిన మెడ

కొత్తగా ప్రాసిక్యూటరు ఉద్యోగంలో చేరే పిల్లలు నా దగ్గరకు వచ్చి, "మేడం, వాదన బలంగా చేయడం ఎలా?" అని అడుగుతారు. ఉద్యోగం ఇంకా మిగిలి ఉండగానే స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకుని ఇంట్లో కూర్చున్నదాన్ని కాబట్టి వాళ్ళకు నా దగ్గర సమయం ఉంటుందని నమ్మకం. సమయం ఉంది. బలమైన వాదనలు మాత్రం నా దగ్గర పెద్దగా లేవు. నేను నోరు మూసుకున్నందువల్ల గట్టెక్కిన కేసు మాత్రం ఒకటి ఉంది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ వంటింట్లో నిలబడి ఒక్కదాన్నే నవ్వుకుంటాను. పాలు పొంగిపోయిన సందర్భాలూ ఉన్నాయి.

అది లైంగిక దాడి కేసు. అందులో నవ్వేమిటని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. జరిగిన నేరంలో నవ్వు లేదు. నవ్వు అప్పీలులో వచ్చింది. మొట్టమొదట నవ్వినది బాధితురాలు. ఆమె నవ్విన తరువాతే నేను నవ్వాను. ఈ వరుసను కచ్చితంగా నమోదు చేయడం అవసరం. మొదట నవ్వే హక్కు నాది కాదు, జడ్జిగారిదీ కాదు.

ఆమె చెప్పిన మాట

ఆమె అసలు పేరు ఇక్కడ రాయను. రమ అంటాను. నెక్కొండ నుంచి రోజూ పొద్దున రైలెక్కి వరంగల్‌లో దిగేది. జంపఖానాలు నేసే వాళ్ళకు నూలు రంగులద్ది ఇచ్చే షెడ్డులో పని. నూలు చిలపలను, అంటే కట్టలను, వేడి రంగు తొట్టిలో ముంచి, తిప్పి, పిండి, దండేనికి వేయాలి. మోచేతుల దాకా రంగు. ఆ షెడ్డు, దానికి ముందున్న నూలు దుకాణం ఒక్కరివే. బజారులో అందరూ ఆయనను సేటు అంటారు, నేనూ అదే అంటాను.

ఒక శ్రావణమాసపు సాయంత్రం మిగతా పనివాళ్ళు వెళ్ళిపోయాక, చివరి చిలపలు పిండుతున్న రమ దగ్గరకు సేటు వచ్చాడు. తలుపు వేసి, కండువా తీసి పక్కన పెట్టి, ఎదురుగా వచ్చి, తొట్టి గోడకు అదిమి పట్టి, చేయరాని పని చేయబోయాడు. ఆమె అరిచింది. రంగు చేత్తోనే అతని మెడ వెనుక పట్టి గుంజి, పక్కకు తోసి, గొళ్ళెం తీసి వీధిలోకి పరుగెత్తింది. మర్నాడు పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదులో ఆ రంగు పేరు కూడా రాయించింది. నెమలికంఠం రంగు.

పోలీసులు సేటును పిలిపించేసరికి రెండు వారాలు గడిచాయి. చొక్కా స్వాధీనం చేసుకోలేదు. మెడ చూడలేదు. చూసినా అప్పటికి ఏమీ మిగిలి ఉండదు. అయినా మేజిస్ట్రేటుగారు రమ మాటను పూర్తిగా నమ్మి, శిక్ష వేశారు. సేటు పై కోర్టుకు, అంటే హనుమకొండలో నేను పనిచేసే సెషన్స్ కోర్టుకు అప్పీలు చేసుకున్నాడు. శిక్ష తాత్కాలికంగా ఆగింది, ఆయన బెయిలు మీద యథాప్రకారం దుకాణంలో గద్దె మీద కూర్చున్నాడు.

రమకు మాత్రం కూర్చోవడానికి చోటు లేదు. ఏ షెడ్డుకు వెళ్ళినా, "కేసు ఒడవనియ్యి బిడ్డా, అప్పుడు జూద్దాం" అనేవారు. వాళ్ళ దృష్టిలో కేసు ఒడవడం, అంటే ముగియడం, అప్పీలు తేలడమే. అప్పీలులో సేటు గెలిస్తే రమ అబద్ధాలకోరు అని బజారంతా తీర్పు రాసేసుకుంటుంది. ఆమె చేతికి తెలిసిన పని ఆ బజారులో తప్ప మరెక్కడా లేదు.

పెద్దాయన సూత్రం

నాకు పై అధికారిగా ఉన్న పబ్లిక్ ప్రాసిక్యూటరును మేమంతా పెద్దాయన అనేవాళ్ళం. ఆయనది ఒకే సూత్రం.

"తల్లీ, వాళ్ళు పిటిషన్ ఏస్తే మనం వద్దంటం. వాళ్ళు మంచినీళ్ళు అడిగినా వద్దంటం. ఎందుకు వద్దంటానవని జడ్జి అడిగినంక ఎందుకో ఆలోచిస్తం."

ఈ సూత్రాన్ని ఎగతాళి చేయవద్దు. ఊపిరాడని పని ఒత్తిడిలో అది చాలామందిని కాపాడింది. కానీ సూత్రం ఒకసారి అలవాటయ్యాక, చేయి దానంతట అదే లేస్తుంది. ఎదుటివాళ్ళ కాగితం చదవకముందే మన అభ్యంతరం తయారై ఉంటుంది.

సేటు తరఫు వకీలు మాధవరావు గారు. హనుమకొండ బార్‌లో ఆయన కన్నా తియ్యగా మాట్లాడేవాళ్ళు లేరు. ఆయన ఒక పిటిషన్ వేశారు. నేరం జరిగిందంటున్న సాయంత్రం సేటు అసలు షెడ్డు ఛాయలకే వెళ్ళలేదని, మధ్యాహ్నం నుంచి వర్తక సంఘం హాలులోనే ఉన్నాడని, అక్కడ ఆయనకు సన్మానం జరిగిందని, ఆ సన్మానపు వీడియో కింది కోర్టులో పెట్టలేకపోయామని, ఇప్పుడు అదనపు సాక్ష్యంగా తీసుకోవాలని అందులో ఉంది. మామూలుగా అప్పీలులో కొత్త సాక్ష్యం ఉండదు. కింది కోర్టులో రాసిన కాగితాలనే మళ్ళీ చదువుతారు. న్యాయం కోసం అవసరమని అనిపిస్తేనే జడ్జి అనుమతిస్తారు. వద్దనడానికి నా దగ్గర కారణాలు దండిగా ఉన్నాయి. కింది కోర్టులో ఎందుకు పెట్టలేదన్న ఒక్క ప్రశ్న చాలు.

పిటిషన్‌తోపాటు ఒక చిన్న వీడియో ముక్క ఇచ్చారు. వెనుక సన్నాయి పాట, ముందు సేటు. పట్టు శాలువా కప్పుకుని, చేతిలో జ్ఞాపిక పట్టుకుని, కెమెరా వైపు చూసి నవ్వుతూ ఉన్నాడు. మెడ నిండా దండలు.

వద్దని రాయడానికి కూర్చున్నాను. రాసే ముందు రమతో ఒక మాట చెబుదామని, ఆమెను కోర్టు వరండాలోకి పిలిచాను. అడగడానికి కాదు, చెప్పడానికే. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

"ఏం వీడియో మేడం?" అంది రమ.

"ఆ రోజు సాయంత్రం ఆయనకు సన్మానం జరిగిందట. అక్కడే ఉన్నానంటున్నాడు."

"ఉండి ఉంటడు. ఈడికెళ్ళి ఆడికే వోయినట్టుండు. నేనేమన్న తెల్లారేదాక షెడ్డులనే పన్నడన్ననా?"

"అందుకే వద్దని రాస్తున్నాను. నువ్వు భయపడకు."

"వద్దని ఎందుకు రాస్తాన్రు?" రమ కొంగు నడుముకు దోపుకుంది. "నేను జూడాలె. నా చెయ్యి అప్పుడే తొట్టిలకెళ్ళి తీసిన చెయ్యి మేడం. ఆ మెడ గట్టిగ పట్టిన. సేటు మొకం కడుక్కుంటడు, చేతులు కడుక్కుంటడు. మెడెనుక ఎవలు కడుక్కుంటరు? మీరు కడుక్కుంటరా?"

నిజాయితీగా ఆలోచించి, రోజూ కాదు అని ఒప్పుకున్నాను.

"మరి ఈ ముక్కలో మెడ నిండా దండలే ఉన్నాయి, ఏమీ కనిపించదు," అన్నాను.

"దండలు మెడల పుట్టినయా? ఎవలో ఏసిండ్రు గద. ఏసేటప్పటి ముక్క ఏది?"

నేను మళ్ళీ నా గదిలోకి వెళ్ళి, రాస్తున్న కాగితం చింపి, కొత్తది తీసుకున్నాను. ప్రాసిక్యూషనుకు అభ్యంతరం లేదని, అయితే కోసి కూర్చిన ముక్క కాకుండా సభ మొదటి నుంచి చివరి వరకు తీసిన మొత్తం రికార్డింగును, దాన్ని ధ్రువీకరించే సాక్షితో సహా ప్రవేశపెట్టాలని రాశాను. పెద్దాయనకు చూపించాను. ఆయన రెండుసార్లు చదివారు.

"వద్దనలేదేంది తల్లీ?"

"లేదు సార్."

"మెడ మీద ఏం లేకపోతే?"

"లేకపోతే మన కేసు ఇప్పుడెలా ఉందో అలాగే ఉంటుంది."

"గట్ల ఉండదు. జర కిందికి పోతది." ఆయన కాగితం తిరిగి ఇచ్చేశారు. "ఓడితే నా పేరు చెప్పకు. గెలిస్తే మాత్రం నేనే నేర్పిన్నని చెప్పు."

గెలిచాం కాబట్టి చెబుతున్నాను. ఆయనే నేర్పారు.

నా షరతు విన్న మాధవరావు గారు వెలిగిపోయారు. నేను వెయ్యి అడ్డంకులు పెడతానని సిద్ధపడి వచ్చారు పాపం. సేటు ఆయన కన్నా ఎక్కువ వెలిగాడు. ఆ చిన్న ముక్కలో తన గురించి పెద్దలు చేసిన ప్రసంగాలన్నీ కోసేశారని ఆయనకు మొదటి నుంచీ బాధ ఉందట. "మొత్తం ఎయ్యున్రి సార్. జడ్జిగారికి నేనెసొంటోన్నో తెలువాలె గద" అని వకీలు చెవిలో చెప్పడం, వెనుక బెంచీలోని వాళ్ళందరితో పాటు నాకూ వినిపించింది. సభ మొత్తాన్ని వాళ్ళిద్దరిలో ఒక్కరూ కూర్చుని చూడలేదు. సన్మానం వీడియో పూర్తిగా చూసినవాడు లోకంలో ఎవడున్నాడు? తీసినవాడే చూడడు.

మచ్చలేని మనిషి

కోర్టులో వీడియో వేసిన రోజు మంగళవారం. బుధవారమని మా కోర్టు కానిస్టేబులు ఇప్పటికీ వాదిస్తాడు, తప్పు. గోడకు తెర పెట్టారు. వీడియోను ధ్రువీకరించడానికి వర్తక సంఘం కార్యదర్శి ఇస్త్రీ చొక్కాతో బోనులోకి వచ్చాడు. రమ చివరి బెంచీలో కూర్చుంది. సేటు తన వకీలు వెనుక, తెల్లటి కండువా వేసుకుని కూర్చున్నాడు. మా బజారు పెద్దలకు కండువా చర్మం లాంటిది. పెళ్ళికీ, చావుకీ, బ్యాంకుకీ అదే.

వీడియో మొదలైంది. ప్రార్థన గీతం. దీపం వెలిగించడం. దీపం వెలగకపోవడం. అగ్గిపుల్లల కోసం వెతుకులాట. జడ్జిగారు గడియారం చూశారు. మాధవరావు గారు చిరునవ్వుతో, "కొంచెం ముందుకు జరపమంటారా?" అన్నారు. నేను లేచి, మొత్తం చూడాలని కోర్టువారు ఉత్తర్వు ఇచ్చారని వినయంగా మనవి చేసుకున్నాను. నా మనసులో వినయం ఏ కోశానా లేదు.

తెర మీద సేటు వేదిక ఎక్కాడు. ఇప్పటిలాగే మెడ చుట్టూ కండువా. మైకు ముందున్న వక్త గొంతు సవరించుకున్నాడు.

"మన సేటుగారు! వ్యాపారంల మచ్చలేని మనిషి! వ్యవహారంల మచ్చలేని మనిషి!"

కార్యదర్శి శాలువా పట్టుకుని ముందుకు వచ్చాడు. ఇక్కడ మా వైపు సన్మానాల మర్యాద ఒకటి చెప్పాలి. మనిషి వేసుకున్న కండువా మీద గౌరవ శాలువా కప్పరు. పాతది తీసి, కొత్తది కప్పాలి. సేటు మొహమాటంతో రెండు చేతులా కండువా పట్టుకుని వద్దు వద్దన్నాడు. కార్యదర్శి నవ్వుతూ లాగేశాడు, శాలువా కప్పాడు. ఆ తరువాత దండల వరుస మొదలైంది. దండ వేయించుకోవాలంటే తల వంచాలి కదా. సేటు తల వంచాడు. పట్టు శాలువా జారుడుది, భుజాల మీదికి జారింది. కెమెరా వేదికకు పక్కగా, కాస్త వెనుకగా, కాస్త ఎత్తుగా ఉంది.

మొదటి దండకు నీడేమో అనుకున్నాను. రెండో దండకు కుర్చీ ముందుకు జరుపుకున్నాను. మూడో దండ వేసినాయన పొట్టివాడు, సేటు ఇంకా కిందికి వంగాల్సి వచ్చింది.

"ఆపండి," అన్నారు జడ్జిగారు.

తెర నిండా ఆయన మెడ వెనుక భాగం. దాని మీద ఒక వైపున నాలుగు వేళ్ళు, రెండో వైపున బొటనవేలు. నీలమూ కాదు, ఆకుపచ్చా కాదు. జడ్జిగారు ఫైలు తిప్పారు, ఫిర్యాదు తీశారు, ఒక వాక్యం మీద వేలు పెట్టారు, తెర వైపు చూశారు, మళ్ళీ వాక్యం చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మళ్ళీ వెయ్యండి."

మళ్ళీ వేశారు. మచ్చలేని మనిషి వంగాడు, వేళ్ళు కనబడ్డాయి. లేచాడు, మాయమయ్యాయి. ఇంకో దండ, ఇంకో వంగడం, మళ్ళీ అవే వేళ్ళు. వర్తక సంఘంలో సభ్యులు చాలామంది. ఒక్కరూ దండ తేకుండా రాలేదు. వాళ్ళ ఐకమత్యానికి నేను ఈనాటికీ కృతజ్ఞురాలిని.

అప్పుడు నిజంగా జరిగింది చెబుతాను. తెర వైపు నోరు తెరుచుకుని చూస్తున్న సేటు, నెమ్మదిగా చేయి పైకెత్తి, కండువా కింద నుంచి తన మెడ వెనుక తడుముకున్నాడు. అన్నేళ్ళ తరువాత! ఇంకా అంటుకుని ఉందేమోనన్నట్టు తడిమి, ఆ వేళ్ళను కళ్ళ ముందుకు తెచ్చుకుని చూసుకున్నాడు.

చివరి బెంచీలో రమ నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. తలుపులు బార్లా తెరిచినట్టు నవ్వింది. కానిస్టేబులు దగ్గుతున్నట్టు గోడ వైపు తిరిగాడు. నేను పెన్ను కొరికాను, విరిగింది. జడ్జిగారు తలెత్తి, "నిశ్శబ్దం" అన్నారు గానీ ఆ మాట ఎవరితో అన్నారో చెప్పలేదు. ఆయన చూపు పైకప్పు మీద ఉంది.

రెండు ప్రశ్నలు

ఇక నా వంతు వచ్చింది. బోనులో ఉన్న కార్యదర్శి కల్లాకపటం లేని మనిషి.

"ఆ రంగు మీరు ఆ రోజు చూశారా?"

"చూసిన్నమ్మా. కండువా తీసిందే నేనైతిని గద."

"చూసి ఏమనుకున్నారు?"

"ఏమనుకుంటం? రంగుల కార్ఖానా ఆయె. షెడ్డులకెళ్ళి సీదా వచ్చిండు, జర అంటుకున్నట్టుందనుకున్న. సభల ఏం జెప్తమని ఊకున్న."

మధ్యాహ్నం నుంచి హాలులోనే ఉన్నాడన్న వాదన అక్కడితో కూలిపోయింది. నా నాలుక చివర ఇంకో ప్రశ్న ఉంది. అది అద్భుతమైన ప్రశ్న. పిల్లలూ, ఇక్కడే జాగ్రత్త. అద్భుతమైన ప్రశ్న నోటిదాకా వచ్చినప్పుడు కుర్చీ మీద కూర్చోవాలి. కూర్చున్నాను.

మాధవరావు గారు కూర్చోలేదు. తియ్యటి గొంతుతో తన సాక్షినే అడిగారు. "అది హోలీ రంగు కావచ్చు కదండీ?"

సొంత సాక్షికి జవాబు అందిస్తూ అలా అడగకూడదు. అభ్యంతరం చెప్పడానికి నా కుడి చేయి లేచింది. అలవాటు కదా. ఎడమ చేత్తో దాన్ని పట్టి దించుకున్నాను.

"హోలీ ఏడిది సార్, శ్రావణమాసంల? బయట వాన దంచుతాంది!" అన్నాడు కార్యదర్శి, తన వకీలుకు నెలలు కూడా తెలియవా అన్నట్టు.

గెలుపు గురించి ఒక హెచ్చరిక

వీడియో దొరికింది కాబట్టి గెలిచాం అని దీన్ని గుర్తుపెట్టుకుంటే నేను రాసినదంతా వృథా. రంగు ఉన్నా లేకపోయినా రమ చెప్పింది నిజమే. ఆమె మాట ఒక్కదాని మీదనే మేజిస్ట్రేటుగారు శిక్ష వేశారు, చట్టం దానికి ఒప్పుకుంటుంది. జడ్జిగారు తీర్పులో అదే రాశారు. మెడ మీది రంగు ఒక్కటే దాడిని రుజువు చేయదు. కానీ ఆమె మొదటి రోజే చెప్పిన చిన్న వివరం కూడా నిజమని చూపిస్తుంది, తాను అక్కడ లేనన్న ఆయన మాట అబద్ధమని చూపిస్తుంది. ఇలాంటి కేసుల్లో ఎక్కువ భాగంలో ఏ కెమెరా ఉండదు. ఎవరి మెడా వంగదు. అయినా మనం నిలబడాలి.

ఇంకొక మాట. ఫిర్యాదు చేసిన మనిషిని కేసు గురించి చెప్పడానికి పిలుస్తాం, అడగడానికి పిలవం. ఆ సాయంత్రం ఆ షెడ్డులో ఉన్న ఇద్దరిలో ఒకరు మన పక్కనే కూర్చుని ఉంటారు. వాళ్ళను వదిలేసి మనం కాగితాలను ప్రశ్నిస్తాం. దీన్ని మించిన మూర్ఖత్వం ఈ వృత్తిలో నేను చూడలేదు.

అప్పీలు కొట్టేశారు. శిక్ష ఖరారైంది. సేటు తరువాత హైకోర్టుకు కూడా వెళ్ళాడు, అక్కడా ఏమీ మారలేదు.

బజారు మీదుగా

తీర్పు ఇంగ్లీషులో చదివారు. రమ నా మోచేయి పట్టుకుంది.

"ఏమన్నరు మేడం?"

"నువ్వు చెప్పింది నిజమన్నారు."

"అది నాకెర్కే గద! ఆళ్ళకు ఎర్కైందా?"

"అయింది."

"పక్కా?"

"పక్కా."

అప్పుడామె వరండాలో, వకీళ్ళందరి మధ్య, నల్ల కోటు మీదుగా నన్ను ఎత్తినంత పని చేసింది. నా బరువు తక్కువేమీ కాదు. రైలుకు ఇంకా సమయం ఉందని, స్టేషనుకు ఆటోలో దింపుతానని అన్నాను. స్టేషను దాకా వద్దంది.

"బజారుల దిగి నడుద్దాం. గిన్ని దినాలు ఎనుక గల్లీలకెళ్ళి వోయిన. ఇయ్యాల ముందుకెళ్ళి పోత."

ఆటో దిగి బజారు మధ్యలో నడిచాం. వార్త మా కన్నా ముందే వచ్చేసింది. దుకాణాల్లోంచి తలలు లేచాయి. రమ ఒక్కో తలకూ ఒక్కో చూపు పంచుతూ నడిచింది. నేను నల్ల కోటుతో, పెళ్ళికూతురి పక్కన తోడు పెళ్ళికూతురిలా నడిచాను. మలుపు దగ్గర ఒక నూలు వ్యాపారి గద్దె దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వచ్చాడు. కేసు ఒడవనియ్యి బిడ్డా అన్నవాళ్ళలో ఆయన ఒకడు.

"రమమ్మా, జర ఆగు. షెడ్డుల మంచి చెయ్యి లేక తిప్పలైతాంది. రేపటి సంది అస్తవా?"

రమ ఆగింది. ఆయనను పైనుంచి కిందికి చూసింది.

"నీ షెడ్డు తలుపుకు గొళ్ళెం లోపటున్నదా, బయటనా?"

"గదేం మాటమ్మా? లోపట, బయట రెండు దిక్కుల ఉన్నది."

"బయటిది పీకెయ్యి. ఒక్కదాన్ని ఎన్నడుండ. ఇంకిద్దరు ఆడోళ్ళుంటెనే సాయంత్రం పని."

"సరే, గట్లనే గానియ్యి. అస్తవా మరి?"

రమ నా వైపు తిరిగింది. ఆ కళ్ళలో వెలుగుతున్న అల్లరిని నేను ఏ సాక్షి కళ్ళలోనూ చూడలేదు. మళ్ళీ ఆయన వైపు తిరిగి, అచ్చం మా జడ్జిగారిలా గడ్డం కిందికి దించి, ఒక్కొక్క మాటా విడదీసి అంది.

"ఇయ్యాల చెప్ప పెద్దమనిషీ. వాయిదా ఏసిన. పిలుపైనప్పుడు వచ్చి హాజరు కావాలె."